కోడ్ ఉంది, విమానమే లేదు

ప్రపంచంలోని విమానాశ్రయాలకు మూడక్షరాల కోడ్‌లుంటాయి. మన వరంగల్ మామునూరుకూ ఉంది: డబ్ల్యూజీసీ. లేనిది విమానం ఒక్కటే. నిజాం జమానాలో కట్టిన ఆ రన్‌వే మీద నాలుగు దశాబ్దాలుగా ప్రయాణికుల విమానం దిగిన పాపాన పోలేదు. షంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు పాతికేళ్ల దాకా మరోటి రావొద్దన్న షరతును ఎట్లాగో దాటి, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం సరేనంది. ఇక విమానం రావడమే తరువాయి!

అందాకా ఓరుగల్లు వాళ్ల విమానాశ్రయం హన్మకొండ బస్టాండులోనే మొదలవుతుంది. అక్కడి నుంచి హైదరాబాద్ బస్సు, ఆపైన పుష్పక్ బస్సో, క్యాబో. అన్నీ ఫోన్‌లోని యాప్‌లో బుక్ చేసుకోవచ్చు, యాప్ ఒప్పుకుంటే.

యాప్ ప్రారంభమంటే మనకు పండుగ. శాలువాలు, బొకేలు, బటన్ నొక్కే ఫొటో. ఏడాది తిరిగాక దాన్ని చూసుకునే కుర్రాడి జీతం ఏ పద్దులో రాయాలో ఎవరికీ తోచదు. చెరువు తవ్వించిన కాకతీయ సేనాని పేరు శాసనానికెక్కింది. తూము కాసిన నీరటి పేరు ఏ రాయి మీదుంది?

‘యాప్‌లో అరిగిపోయేదేముందయ్యా, టైర్లా, బ్రేకులా?’ అని ఒక పెద్దమనిషి దబాయించాడు. యాప్ అరగదు సార్, చుట్టూ లోకం మారుతుంది. 2008 మార్చి 23న షంషాబాద్ తెరవగానే హెచ్‌వైడీ కోడ్ పాత బేగంపేట విమానాశ్రయాన్ని వదిలి అక్కడికి పోయింది. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ జిల్లా అయింది. 2024లో ఆర్టీసీ ముందున్న టీఎస్ పోయి టీజీఎస్ వచ్చింది. జీవో ఒక్క పూటలో వస్తుంది. దాని వెనకాల డేటాబేస్ సవరించేవాడికి మాత్రం కంటిమీద కునుకుండదు. వాణ్ని తీసేసిన చోట ఏమవుతుందో ఒక యాప్‌లో చూశాను: హన్మకొండ, హనుమకొండ, వరంగల్ అర్బన్ అని ఒకే ఊరికి మూడు పేర్లు, అందులో రెంటికి బస్సుల్లేవు.

వీటన్నిటికీ బాబు లాంటి చిక్కు అర్ధరాత్రిది. మన ఇళ్లలో అమెరికా ప్రయాణమంటే ఎక్కువగా అపరాత్రే. మనుమణ్ని చూడబోయే అవ్వకు విమానం పదిహేనో తారీఖు తెల్లవారుజామున మూడింటికి. యాప్ ‘విమానం తేదీ?’ అనడిగింది, పదిహేను అని కొట్టారు. బుద్ధిగా పదిహేను సాయంత్రం ఆరింటి బస్సు ఇచ్చింది. అప్పటికి విమానం వెళ్లి పదిహేను గంటలు!

‘తెల్లారితేనే గద బిడ్డా తారీఖు మారేది?’ అంటుంది అవ్వ. పంచాంగం ప్రకారం ఆమె మాటే కరెక్టు. సూర్యోదయంతోనే రోజు మొదలు. సాఫ్ట్‌వేర్‌కు సూర్యుడితో పనిలేదు, పన్నెండు కొట్టగానే మారుస్తుంది. రిపోర్టింగ్ టైమ్ నుంచి వెనక్కి లెక్కగట్టి ముందురోజు బస్సు చూపించమంటే రెండు రోజుల పని. కానీ మెయింటెనెన్స్ కాంట్రాక్టు ముగిసిందట, కొత్త టెండర్ కొత్త యాప్‌కేనట.

మామునూరుకు విమానం వచ్చాక ఈ బాధ తీరుతుందేమో చూద్దాం. అందాకా పాఠక మహాశయులారా, విమానం అర్ధరాత్రి దాటాక ఉంటే బస్సు టికెట్ ముందురోజు తారీఖుకే తీసుకోండి.