మిగతావాళ్లంతా

1915. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో క్లైడ్ నది ఒడ్డున గోవన్ అనే పేట. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఓడల యార్డులకు చేతినిండా పని దొరికింది. ఆ పని కోసం ఊళ్లోకి వేలమంది వచ్చిపడ్డారు. వాళ్లకు సరిపడా ఇళ్లు లేవు. మగవాళ్లు కొందరు యార్డుల్లో ఉన్నారు, కొందరు ఫ్రాన్స్‌లో పోరాడుతున్నారు. పగటిపూట తలుపు తడితే తీసేది ఆడవాళ్లే. అద్దెలు పెంచడానికి అదే అదను అనుకున్నారు ఇళ్ల యజమానులు. కొన్నిచోట్ల పెంపు నూటికి 25 దాకా పోయింది.

అక్కడివన్నీ మూడు నాలుగు అంతస్తుల రాతి భవనాలు. ఒకే మెట్లదారిని పట్టుకుని చాలా కుటుంబాలు బతుకుతాయి. కొందరికి ఒక గది, వంటిల్లు. కొందరికి ఉన్నదంతా కలిపి ఒక్క గదే. యజమాని మొహం చూసినవాళ్లు తక్కువ. అద్దె వసూలు చేసేదీ, పెంచేదీ, ఖాళీ చేయించేదీ ఏజెంటే.

పెంచింది కట్టేది లేదని గోవన్ ఆడవాళ్లు తేల్చుకున్నారు. పాత అద్దె ఇస్తాం, తీసుకుంటే తీసుకోండి అన్నారు. ముందు నిలబడిన మనిషి మేరీ బార్బర్. యార్డులో పనిచేసే కార్మికుడి భార్య. ఆవిడ మీటింగులు వంటిళ్లలో, వెనక పెరళ్లలో జరిగేవి. ఇల్లు కదిలేది లేదని రాసిన కాగితాలు వీధి వీధంతా కిటికీ అద్దాలకు అంటించి ఉండేవి.

ఖాళీ చేయించడానికి కోర్టు మనుషులు వస్తే ఏం చెయ్యాలో కూడా ముందే అనుకున్నారు. భవనంలోకి పోయే నడవ ఇరుకు. అక్కడ ఒకావిడ చేతిగంట పెట్టుకుని కూర్చునేది. కొత్త మొహం కనబడితే గంట కొట్టేది. పొయ్యిమీద ఉన్నది పొయ్యిమీదే ఉండిపోయేది, పిల్లను చంకనేసుకుని పై అంతస్తులావిడ కూడా దిగివచ్చేది. పిండి పొట్లాలు, తడిబట్టలు, ఎవరి చేతికి ఏది దొరికితే అది విసిరేవాళ్లు. వచ్చిన మనిషి ఒళ్లంతా పిండి పూయించుకుని వచ్చిన దారినే పోయేవాడు.

అద్దెలకు కళ్లెం వేసే చట్టం ఆ డిసెంబరులో గానీ రాలేదు. వచ్చాక అద్దెలు 1914 ఆగస్టు నాటి లెక్క దగ్గర ఆగాయి. అది రాకముందు ఆ ఆడవాళ్లకు ఉన్నది ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం. పక్కింటావిడ కట్టదని ఈవిడ నమ్మాలి, ఈవిడ కట్టదని పక్కింటావిడ నమ్మాలి. ఒక ఏజెంటు చెయ్యి వేసింది సరిగ్గా దాని మీద.

ఒకావిడకు చెప్పాడు: మిగతావాళ్లంతా పెంచిన అద్దె కట్టేశారు అని.

మన పోర్షన్ల ఇళ్లలో ఉన్నవాళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు. పైవాళ్లు ఒప్పుకున్నారు, మీదే ఆలస్యం అంటారు. విన్న మనిషికి కోపం రాదు, భయం వేస్తుంది. ఒంటరిగా మిగిలిపోయామన్న భయం. గోవన్‌లో ఆవిడ ఇంటాయన పనిలో ఉన్నాడు, అడుగుదామంటే ఎవరూ లేరు. అందరూ కట్టాక తన సామాను వీధిలో పడితే గంట కొట్టేదెవరు?

ఆవిడ కట్టేసింది.

తర్వాత తెలిసింది, ఏజెంటు చెప్పింది అబద్ధమని. ఈ సంగతి రాసిపెట్టిన హెలెన్ క్రాఫర్డ్ కూడా ఆ ఉద్యమంలో ఉన్న మనిషే. ఆవిడ రాసినదాంట్లో మేరీ బార్బర్ కోప్పడినట్టు గానీ, ఎందుకు కట్టావని నిలదీసినట్టు గానీ లేదు. మేరీ తిన్నగా యార్డుల దగ్గరకు వెళ్లింది. విషయం చెప్పింది.

మగవాళ్లు పని వదిలి బయటకు వచ్చారు. మొహాలు కడుక్కోలేదు. మసి మొహాలతోనే నడిచి ఏజెంటు ఆఫీసున్న వీధిలోకి వచ్చారు. వందలు కాదు, వేలమంది. వీధి నిండిపోయింది.

ఆఫీసులోకి మాత్రం ఇద్దరే వెళ్లారు. మేరీ బార్బర్, డబ్బు కట్టిన ఆవిడ. ఇద్దరూ ఆడవాళ్లే. అద్దె పెంచుతున్నామని చెప్పినప్పుడు ఏజెంటుకు ఎదురుగా ఉన్నది కూడా ఆడమనిషే. ఎక్కువ తీసుకున్నది తిరిగి ఇమ్మని అడిగారు.

మిగతావాళ్లంతా ఏం చేశారో చూడమని వీధివైపు చూపించారు.

ఏజెంటు మాట్లాడకుండా డబ్బు తీసి ఇచ్చాడు.