గ్యాపు శాస్త్రం

లారీ డ్రైవరు స్టీరింగు వదిలిన రోజుకూ, మళ్లీ పట్టుకోబోయే రోజుకూ నడుమ ఉన్న కాలాన్ని గ్యాపు అంటారు. తమిళనాడులోని వేలూరు, గుడియాత్తం ప్రాంతాల్లో దీన్ని కొలవడానికి రెండు కొలతలున్నాయి. ఒకటి చట్టానిది, రెండోది లారీ ఓనరుది. చట్టం తేదీలు చూసి కొలుస్తుంది. ఓనరు మనిషిని పైనుంచి కిందికి చూసి కొలుస్తాడు.

చట్టం కొలత తేలిక. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించాక రవాణా వాహనాల లైసెన్సు ఐదేళ్లు చెల్లుతోంది. అంతకుముందు మూడేళ్లే. గడువు తీరిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకున్నవాడికి డాక్టరు సర్టిఫికెట్టు, అంటే ఫారం 1ఎ, ఉంటే చాలు. ఏడాది దాటినవాడు మళ్లీ బండి నడిపి చూపించాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతునూ ఆ ఏడాదే ఎత్తేశారు. అంటే నాలుగేళ్లు కువైట్‌లో ఎవరింటి కారో తోలి గుడియాత్తం తిరిగొచ్చినవాడు, లైసెన్సు చెల్లుబాటులో ఉన్నంతవరకు, ప్రభుత్వం లెక్కలో నిన్న సాయంత్రం బండి దిగినవాడే. ప్రభుత్వం ఇంత ఉదారంగా ఉండటం అరుదు. ఆ లోటు తీర్చే భారం ఓనర్ల మీద పడింది.

ఓనరు కొలతకు మూలసూత్రం ఒక్కటే: "చెయ్యి తప్పిపోయుంటుందప్పా." ఈత వచ్చినవాడు మరిచిపోడనీ, సైకిలు వచ్చినవాడు మరిచిపోడనీ లోకం నమ్ముతుంది. ఇరవై ఏళ్లు గేర్లు మార్చిన చెయ్యి మాత్రం ఎనిమిది నెలల్లో తప్పిపోతుందట. ఎక్కడ తప్పిపోయిందో, ఎవరికి దొరికిందో ఈ శాస్త్రం చెప్పదు.

గ్యాపు ఎందుకొచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. దీనికి నిజం చెప్పడం అనుభవం లేనివాళ్లు చేసే తప్పు. ప్రతి జవాబుకూ ఓనరు మనసులో ఒక తర్జుమా సిద్ధంగా ఉంటుంది. నడుము నొప్పి అంటే తాగుడు. అమ్మను సీఎంసీ ఆసుపత్రిలో చూపించానంటే ఎక్కడో యాక్సిడెంటు చేసి దాక్కున్నాడు. గల్ఫ్ అంటే పొగరు. ఊళ్లో ఆటో తోలానంటే ఇక హైవేకి పనికిరాడు. ఏమీ చెప్పకపోతే జైలు.

అమెరికాలో పెద్ద లారీ డ్రైవరును చేర్చుకునే కంపెనీ, అతను గత మూడేళ్లలో డ్రైవరుగా పనిచేసిన ప్రతి చోటా విచారించాలి. పాత యజమాని 30 రోజుల్లో జవాబివ్వాలని అక్కడ నిబంధన. ఇక్కడ అంత ఆలస్యం లేదు. టీ చల్లారేలోపు ఫోనులో విచారణ ముగుస్తుంది. పాత ఓనరు, ఆ డ్రైవరుకే ఇంకా రెండు ట్రిప్పుల బత్తా బాకీ ఉన్న పెద్దమనిషి, "మంచోడే, కానీ..." అని ఊరుకుంటాడు. ఆ 'కానీ' తర్వాత చుక్కలే సర్టిఫికెట్టు.

గ్యాపులో నిజంగా మారినవి లేకపోలేదు. 2017లో బండి దిగినవాడు ఇవాళ ఎక్కితే అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు కనిపించవు. జీఎస్టీతో పోయాయి. 2018లో ఈ-వే బిల్లు వచ్చింది, 2020లో బీఎస్-6 ఇంజన్లు వచ్చి డీజిలుతోపాటు యూరియా ద్రావణం పోసే పని తెచ్చాయి, 2021లో ఫాస్టాగ్ తప్పనిసరైంది. ఇవన్నీ ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి చెబితే వచ్చే సంగతులు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు కూడా. అడిగేదల్లా గోడౌను సందులో లారీని రివర్సులో పెట్టి చూపించమని. అడిగిన ఓనరుకు తన స్కూటరు ఆ సందులో తిప్పడం రాదు.

ఇదే ఓనరు సంఘం మీటింగులో మైకు పట్టుకుంటే మొదటి మాట "డ్రైవర్లు దొరకడం లేదు." కొత్త కుర్రాళ్లు ఈ పనికి రావడం లేదన్న బెంగతో ఆయన గొంతు జీరబోతుంది. గేటు బయట గ్యాపువాళ్లు ముగ్గురు నిలబడి వింటుంటారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు కేంద్రం ఏసీ తప్పనిసరి చేసింది. ఆ చల్లదనం తగలాలంటే ముందు క్యాబిన్ ఎక్కనివ్వాలి.

ఎక్కనిచ్చినా మొదట ట్రయల్ ట్రిప్పు. అందులో గ్యాపువాడు క్లీనరు సీట్లో కూర్చుంటాడు, సగం బత్తా. గుడియాత్తం అగ్గిపెట్టెల లోడుతో బండి హైవే ఎక్కి బెంగళూరు దారి పడుతుంది. అర్ధరాత్రి అసలు డ్రైవరు వెనక బెర్తు మీద నిద్రపోతాడు. తప్పిపోయిన చెయ్యి వాణియంబాడి దగ్గర దొరుకుతుంది. కృష్ణగిరి, హోసూరు అది ఒంటరిగానే దాటిస్తుంది. తెల్లారి బెంగళూరు శివార్లలో మళ్లీ తప్పిపోతుంది. బత్తా లెక్క పగలే కడతారు కదా. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అంది. దూరపు రూట్లకు అనుమతి తీసుకున్నా పది దాటరాదంది. ఆ లెక్కన ప్రతి డ్రైవరుకూ రోజుకు కనీసం పద్నాలుగు గంటల గ్యాపు ఉండాలి. ఆ గ్యాపు గురించి ఏ ఓనరూ ఎవరినీ అడిగిన దాఖలా లేదు.

గుడియాత్తానికి ఇంత పట్టింపు మొదటినుంచీ ఉందనుకోకూడదు. కామరాజు 1954 ఏప్రిల్‌లో మద్రాసు ముఖ్యమంత్రిగా ముందు పనిలో చేరి, శాసనసభ సీటు తర్వాత ఈ ఊరి ఉప ఎన్నికలోనే సంపాదించుకున్నాడు. బండి ఎక్కాక లైసెన్సు తెచ్చుకున్నట్టే. ఊరు ఒప్పుకుంది. లారీ షెడ్లకు మాత్రం ఆ ఉదాహరణ చేరలేదు.

గ్యాపు తగ్గే కాలమూ ఒకటుంది. అది సంవత్సరాలతో కాక లోడుతో తగ్గుతుంది. తమిళ నెల వైకాశి మొదటి రోజు, అంటే మే నడుమ, గుడియాత్తంలో గంగమ్మ శిరస్సు ఉత్సవం. రెగ్యులర్ డ్రైవర్లు చెప్పకుండా ఊరికి దిగిపోతారు. ఎక్కించిన లోడు షెడ్డులో నిలబడి ఉంటుంది, అవతలి పార్టీ గంటకోసారి ఫోను చేస్తుంటాడు. రాత్రి పదకొండింటికి గ్యాపువాడి ఫోను మోగుతుంది. నడుము నొప్పి అడగరు, కువైట్ అడగరు, రివర్సు అడగరు. లైసెన్సు చూపించమనడం కూడా మరిచిపోతారు. ఆరేళ్ల గ్యాపు ఆ ఫోనులోనే సున్నా అవుతుంది. నాలుగు రోజులకు బండి ఖాళీగా షెడ్డు చేరుతుంది, పండగ ముగించుకుని రెగ్యులర్లు వస్తారు, తాళంచెవి చేతులు మారుతుంది. ఆ సాయంత్రానికి గ్యాపు మళ్లీ ఆరేళ్ల నాలుగు రోజులు.