పుస్తకంలో అడవి... బయట జేసీబీ!

చదువుకునే ప్రతి పిల్లవాడికీ పర్యావరణం తప్పనిసరిగా చెప్పండని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. విన్నవాడు లేడు. 2003లో మళ్లీ మొట్టికాయ వేసింది. అప్పుడు కదిలారు పెద్దలు. డిగ్రీలో ఆరు నెలల కోర్సు పెట్టారు. అదే ఈవీఎస్. అడవులు, నీళ్లు, ఖనిజాలు, నేల... సహజ వనరులన్నీ సిలబస్‌లో భద్రం! చదివేదెప్పుడు? పరీక్ష ముందు రాత్రి. చెప్పేదెవరు? ఖాళీగా దొరికిన లెక్చరరు. ‘వనరుల సంరక్షణలో పౌరుడి పాత్ర’ రాయాలట. మరి ఏలినవారి పాత్ర? అది అవుటాఫ్ సిలబస్!

ప్రాక్టికల్స్ లేవని దిగులొద్దు. 2025లో తెలంగాణ సర్కారే ఆ ముచ్చటా తీర్చింది. వేదిక హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి. 400 ఎకరాలు. ముహూర్తం ఉగాది. మర్నాడు రంజాన్. కోర్టులకు సెలవులు. ఏం టైమింగండీ! జేసీబీలు దిగాయి. నెమళ్లు, జింకలు తిరిగేచోట చెట్లు కూలాయి. ఇదేమిటని అడిగిన విద్యార్థులను పోలీసులు ఈడ్చుకెళ్లి వ్యానెక్కించారు. వాళ్ల నేరమేమిటి? సిలబస్‌ను నిజమని నమ్మడం!

రికార్డుల్లో అది అడవి కాదన్నారు దొరలు. అంటే, ఇకపై చెట్టు మొలవాలన్నా పట్టాదారు పాసుపుస్తకం చూపించాలన్నమాట! చివరికి కోర్టులు కన్నెర్ర చేస్తేగానీ యంత్రాలు ఆగలేదు.

పోనీ, పర్యావరణంలోనే ఎమ్మెస్సీ చేస్తే? కన్సల్టెన్సీ కొలువుంది. 2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ నివేదిక కావాలి. రాసేది కన్సల్టెన్సీ. ఫీజు కట్టేది ఎవరు? ఆ ప్రాజెక్టు కంపెనీయే! జీతమిచ్చేవాడి మీద ఎదురు రాసే కలాన్ని ఎక్కడైనా చూశారా? ఇక ప్రజాభిప్రాయ సేకరణ అంటారా? షామియానా కంపెనీది. మైకు కంపెనీది. బందోబస్తు సర్కారుది. మరి ప్రజలది? సంతకం! భూమి పోయేవాడు రెండు ముక్కలు మాట్లాడబోతే ‘టైమైపోయింది, కూర్చో’. చదువు వనరులను కాపాడడానికి. కొలువు వాటికి పోస్టుమార్టం రిపోర్టు ముందే రాసిపెట్టడానికి. భేష్!

అసలీ ఈవీఎస్ పరీక్ష పిల్లలకెందుకు? ఫైళ్ల మీద సంతకాలు పెట్టేవాళ్లకు పెట్టండి. మంత్రులకు, కార్యదర్శులకు హాల్‌టికెట్లు ఇవ్వండి. పాసైతేనే జేసీబీ తాళాలు ముట్టాలి. ఎందరు గట్టెక్కుతారంటారు? గ్రేస్ మార్కులు మాత్రం అడగొద్దు. ఐదేళ్లకోసారి క్యూలో నిలబడి మరీ మనం కలుపుతున్నవి చాలు!