కారుకి కారుచౌక కరెంటు

పెట్రోలు బాధ తప్పిందని ఎలక్ట్రిక్ కారు కొన్నారు. మొదటి నెల కరెంటు బిల్లు చూసి మళ్ళీ బంకు వైపు చూస్తున్నారు. కంగారు పడకండి. హైదరాబాదులో తెలివున్నవాడికి కరెంటు ఖరీదు కాదు.

ముందు స్లాబుల కిటుకు. 2022 టారిఫ్ ప్రకారం నెలకి వంద దాటి 200 యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లు 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున పడతాయి. అంటే చవక కరెంటంతా నెల మొదట్లోనే ఉంటుందన్నమాట! రీడింగు తీసినవాడు గేటు దాటగానే కారుకి ప్లగ్గు పెట్టెయ్యండి. ఇంట్లోవాళ్ళు ఏసీ వేసుకునేలోపు 150 యూనిట్లు కారుకి పట్టించెయ్యాలి. బ్యాటరీలో 40 యూనిట్లే పడతాయంటారా? నిండగానే ఔటర్ రింగ్ రోడ్డు మీద 158 కిలోమీటర్లు ఓ చుట్టు చుట్టి, జాగా చేసుకుని రండి. టోలు వేరే ఖాతా.

నెలాఖరుకి 350 యూనిట్లకి 2,240 రూపాయల బిల్లొస్తుంది. అందులో కారు వాటా, పై రేట్ల ప్రకారం, 580. మిగతా 1,660 ఇంట్లోవాళ్ళ ఫ్యాన్లకీ గీజరుకీ రాసెయ్యండి. కారు రాకముందు ఇదే ఇంటికి, ఇవే ఫ్యాన్లతో 820 వచ్చేదని మీ ఆవిడ పాత బిల్లు తీస్తారు. 200 దాటితే మొదటి యూనిట్ నుంచీ రేటు 5.10కి మారిపోతుందనీ, ఆ పైన 7.70, 9 రూపాయలు పడతాయనీ, కారు ఖర్చు అసలు 1,420 అనీ లెక్క కట్టి చూపిస్తారు. పాత బిల్లులు దాచే అలవాటు సంసారానికి మంచిది కాదని చెప్పండి.

లండన్‌లో ఉన్న బావమరిది అర్ధరాత్రి చార్జింగు చవకంటాడు. అక్కడ నిజమే. మన ఇంటి మీటరు నెల మొత్తం యూనిట్లే లెక్కపెడుతుంది, టైము చూడదు. అయినా రెండింటికి అలారం పెట్టుకుని లేవండి. నిద్ర చెడితే పొదుపు చేసినట్టే ఉంటుంది.

సెల్లార్‌లో వాచ్‌మన్ గది పక్క ప్లగ్గు కామన్ మీటరుది. ఇరవై ఫ్లాట్లుంటే ఇరవయ్యో వంతే మీది. మిగతా పంతొమ్మిది మందీ కార్లు కొననంత కాలం ఇది ధర్మమే.

కారుకంటూ విడిగా మీటరు పెట్టించుకుంటే యూనిట్ ఆరు రూపాయలే, స్లాబుల గొడవ ఉండదు, ఫిక్స్‌డ్ ఛార్జీ కొంచెం పడుతుందని ఎవరో అంటారు. దరఖాస్తు పెట్టి తీసుకునే చవక కూడా ఒక చవకేనా?

ఇక బ్రహ్మాస్త్రం, జనగామ దగ్గర మామగారి పొలం. సేద్యానికి కరెంటు ఉచితం. స్టార్టర్ డబ్బా నుంచి వైరు లాగి కారుకి తగిలించండి. రానూపోనూ 170 కిలోమీటర్లు పోగా మిగిలిందంతా లాభమే. ఆ పూట వరి ఎండితే ఎండనివ్వండి. ఏఈ గారొచ్చి 2003 విద్యుత్ చట్టం, సెక్షన్ 126, రెట్టింపు రేటు అంటారు. సేద్యం రేటు సున్నా, సున్నాకి రెట్టింపూ సున్నాయే కదా అని నిలదీయండి. ఏ కేటగిరీ రేటుకి రెట్టింపో ఆయన ఓపిగ్గా కాయితం మీద రాసిస్తారు. మీకు బెంగెందుకు? సర్వీసు మామగారి పేరు మీద ఉంది.