పల్లం రేటు

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆముదం తాగిన మొహం పెట్టాలన్నది మా బావగారి మొదటి సూత్రం. ఎంత నచ్చినా సరే, హాలు మధ్యలో నిలబడి శ్లాబు వంక చూసి ఓ నిట్టూర్పు విడిస్తే లక్ష తగ్గుతుందట. ఈశాన్యంలో మెట్లేవిటండీ అని గొణిగితే ఇంకో లక్ష. దక్షిణం ఫేసింగైతే అమ్మేవాడే తల దించుకుంటాడు. ఆషాఢంలో వెళ్ళాలి, శూన్యమాసం గనక ఓనరు మెత్తగా ఉంటాడు. బయానా నోట్లు బయటికి తీసి, రెండుసార్లు లెక్కపెట్టి, మళ్ళీ జేబులో పెట్టేసుకోవాలి.

ఈ విద్యలన్నీ ప్రయోగించి ఆయన ఏలూరు శివార్లలో, చుట్టుపక్కల కన్నా గజానికి రెండు వేలు తక్కువకి, ఓ పాత ఇల్లు కొట్టేశారు. కొన్నానని ఆయన ఎప్పుడూ అనరు, కొట్టేశాననే అంటారు. బేరం కుదిరిన రోజు నేనూ వెంట ఉన్నాను. ఫోనులో దిక్సూచి గిరగిరా తిరిగిపోతుంటే, కాలవ గట్టు మీద గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన్ని పిలిచి తూర్పెటో అడిగారు. ఆయన కర్ర ఎత్తి చూపించాడు. సింహద్వారం సరిగ్గా అటే. బావగారు నా చెయ్యి నొక్కారు.

ఓనరు ఆ రెండు వేలు అంత తేలిగ్గా ఎందుకు వదులుకున్నాడన్న అనుమానం మాలో ఎవరికీ రాలేదు. నిట్టూర్పు మహిమ అనుకున్నాం.

మనవైపు జనానికి సరుకు చూసి కొనడం చేతకాదని కాదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో చూడండి. పై వరస చూసి బస్తా కొనే వర్తకుడు కనపడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునున్న పాయ నొక్కి చూస్తాడు. ఆ మనిషే సాయంత్రం, నిట్‌కి పది నిమిషాలంటే నమ్మి, ఆర్చీ గేటూ రంగు జెండాలూ నిన్న పాతిన కొబ్బరి మొక్కా చూసి ప్లాటుకి అడ్వాన్సు ఇచ్చేసి వస్తాడు. పోసిన గ్రావెల్ కిందికి చెయ్యి దూర్చడు. మొన్నటి దాకా అక్కడ చేపల చెరువుండేదని చెప్పడానికి కొంగలు ఇంకా వస్తూనే ఉంటాయి. పాపం, లేఅవుటు సంగతి వాటికి తెలీదు.

ఏలూరు సంగతి సరేసరి. తమ్మిలేరు ఊరి దగ్గరికొచ్చి రెండుగా చీలి, చెరో పక్క నుంచీ చుట్టుకుని కొల్లేట్లోకి దిగుతుంది. ఎగువన గట్టి వాన పడితే శనివారపుపేట కాజ్‌వే మునగడం మనకేం కొత్త కాదు. తమ్మిలేరూ బుడమేరూ వచ్చి పడే కొల్లేటికి, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బెజవాడని ముంచిన బుడమేరు నీళ్ళు ఆనక దిగింది ఇక్కడికే. పెదఎడ్లగాడి దగ్గర కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాయి. కొల్లేటి లంకల్లో ఎవర్ని కదిపినా ‘ఐదో కాంటూరు’ అంటారు, నేల ఎత్తుని బట్టి గీసిన గీత. 1999లో 120వ నంబరు జీవోతో ఆ గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లూ అభయారణ్యమయ్యాయి. 2006లో గీత దాటి లోపల తవ్విన చెరువుల గట్లు పేల్చేశారు. అడుగు మెరకా అడుగు పల్లమూ బతుకులు తేల్చే ఇలాంటి సీమలో మా బావగారు శ్లాబు ఎత్తు కొలిచారు, పునాది ఎత్తు కొలవలేదు.

కాగితాలు చూడలేదా అంటే, చూశారు. ముప్పై ఏళ్ళ ఈసీ తీయించారు, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించారు, 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదని రూఢి చేసుకున్నారు. అవన్నీ చెయ్యాల్సినవే, నేను వెక్కిరించడం లేదు. కాకపోతే ఈసీలో తాకట్టు కనిపిస్తుంది గానీ తమ్మిలేరు కనిపించదు.

ఆఖరి అస్త్రం రిజిస్ట్రేషన్ దగ్గర తీశారు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిసి 7.5 శాతం కదా! దస్తావేజులో ప్రభుత్వ విలువే రాయించి మిగతాది సంచిలో ఇచ్చేశారు. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకుంటే పుచ్చుకున్నంతా జరిమానా పడొచ్చని చట్టం ఉంది. అది అమ్మినవాడి తలనొప్పి అన్నారు. బ్యాంకు కాగితం మీది విలువకే అప్పిచ్చింది. సంచిలోకి కావలసింది ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అయినా 7.5 మిగిలిందని మా అక్కకి స్వీటు తెచ్చారు.

మొన్న వానాకాలంలో ఫోనొచ్చింది. నేను వెళ్ళేసరికి బావగారు మంచం మీద ఉన్నారు, మంచం ఇటుకల మీద ఉంది. ఫ్రిజ్జు డైనింగ్ టేబులెక్కింది. గోడకి మోకాలెత్తున తడి గోధుమరంగు గీత. దానికి రెండడుగుల పైన, కొత్త రంగు పెచ్చూడిన చోట, మరో గీత బయటపడింది. అది పాతది.

గట్టు మీద అదే పెద్దాయన, అవే గేదెలు. బావగారు కిటికీలోంచి కేకేశారు.

"ఏవయ్యా, ఇక్కడికి నీళ్ళొస్తాయని ఆ రోజు చెప్పొద్దూ?"

"తమరు తూర్పెటని అడిగారండి. చూపించాను కదండీ, ఆయ్."