మెయిన్ రోడ్డు పార్కింగ్ శాస్త్రం

చిన్న పట్టణంలో మెయిన్ రోడ్డుకు మూడు వెడల్పులుంటాయి. మొదటిది మాస్టర్ ప్లాన్‌లో ఉండేది. అది అరవై అడుగులో, ఎనభై అడుగులో. రెండోది తెల్లవారుజామున పాలవ్యాను డ్రైవరుకు దొరికేది. అది నలభై అడుగులు. మూడోది ఉదయం పదకొండింటికి జనానికి మిగిలేది. అది ఎదురొచ్చే ఆటోవాడు ఎంత వదిలితే అంత. ట్రాఫిక్ సమస్య మీద జరిగే సమావేశాలన్నీ మొదటి వెడల్పును పెంచడం గురించే జరుగుతాయి. మూడోదాన్ని తగ్గించేవాళ్లు కూడా ఆ సమావేశాల్లోనే కూర్చుని ఉంటారు కాబట్టి దాని ప్రస్తావన రాదు.

పోయిన అడుగులు ఎటు పోయాయో చూడాలంటే రోడ్డు అంచు నుంచి నడిమికి రావాలి. అంచున దుకాణం. దుకాణానికి మెట్లు. ఆ మెట్లు సైడు కాలువ మీద ఉంటాయి. కాలువ మున్సిపాలిటీది, మెట్లు యజమానివి, వాన పడితే నీళ్లు అందరివీ. మెట్ల ముందు రేకుల పందిరి, దాని కింద ప్లాస్టిక్ బిందెలో, నైటీ తొడిగిన బొమ్మలో. వాటి ముందు దుకాణదారు బండి, దాని ముందు కొనడానికొచ్చినవాడి బండి, దానికి ఆనుకుని జామకాయల తోపుడు బండి, ఆపైన ఎక్కేవాళ్ల కోసం చూస్తున్న షేర్ ఆటో. ఇవన్నీ పోగా మిగిలినదాన్ని రోడ్డు అంటారు. ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్ల వెడల్పున, అడ్డంకి లేకుండా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. చాలా ఊళ్లలో ఆ 1.8 మీటర్లు ఉన్నాయి. అడ్డంకుల సంగతి రెండో దశలో చూస్తారు.

ఆగిన వాహనాల్ని చక్రాల లెక్కన విభజించడం రవాణా శాఖ పద్ధతి. మెయిన్ రోడ్డు మీద అది పనికిరాదు. బండి ఎంతసేపు ఆగుతుందన్నదే ఇక్కడ అసలు సంగతి. అతి తక్కువసేపు ఆగేది ‘ఇప్పుడే వస్తా’ రకం. తాళం బండికే ఉంటుంది, ఇంజను ఆగదు, వెనక సీటు మీద పిల్లవాణ్ణి కాపలా ఉంచి మనిషి మందుల షాపులోకి వెళ్తాడు. చీటీలో డాక్టరు రాసింది షాపువాడికి బోధపడడానికి ఎంతసేపు పడితే అంతసేపూ బండి అక్కడే. దీనివల్ల రోడ్డుకు జరిగే చెరుపు తక్కువ. అయినా తిట్లన్నీ దీనికే పడతాయి, తిట్టడానికి మనిషి కళ్లముందు ఉంటాడు గనక.

రెండోది ముహూర్తాల రకం. మాఘంలోనో శ్రావణంలోనో చుట్టుపక్కల పల్లెల నుంచి పెళ్లివారు కారు మాట్లాడుకుని వస్తారు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల ముందైనా, చీరాల బట్టల కొట్ల ముందైనా తంతు ఒకటే. ఏడుగురు లోపలికి వెళ్తారు, డ్రైవరు సీటు వెనక్కి వాల్చుకుంటాడు. ఎవరైనా హారన్ కొడితే ‘తీస్తున్నా’ అంటాడు. పెళ్లికూతురి మేనత్తకు చీర నచ్చేదాకా తీస్తూనే ఉంటాడు.

మూడోది స్థిరనివాస రకం. దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కాస్త విస్తారంగా చెప్పుకోవాలి. పొద్దున షట్టరు ఎత్తగానే దుకాణదారు తన బండిని దుకాణం ఎదురుగా, నీడపట్టు చూసి పెట్టుకుంటాడు. పక్కన గుమస్తా బండి. ఆ పక్కన సేల్స్ అమ్మాయిల స్కూటీలు. పై అంతస్తులో ఆడిటరుగారి కారు, ఆయన దగ్గర లెక్కలు రాసే కుర్రాళ్ల బండ్లు. పదింటికల్లా ఆ దుకాణం ముందు చోటు నిండిపోతుంది. అప్పటికి ఒక్క బేరమూ రాలేదు. పదకొండింటికి వచ్చిన బేరగాడు చోటు లేక నడిరోడ్డు వైపు జరిగి బండి ఆపుతాడు, వెనక వచ్చే బస్సు ఆగుతుంది, బస్సు వెనక ఊరు ఆగుతుంది. సాయంత్రం వర్తక సంఘం సమావేశమై, పార్కింగ్ లేక కస్టమర్లు రావడం మానేస్తున్నారని తీర్మానిస్తుంది. తీర్మానంలో అబద్ధమేమీ లేదు. సంతకాలు చేసినవాళ్ల బండ్లు ఎక్కడున్నాయో రాయలేదు, అంతే. ఇక రాత్రి షట్టరు దించేటప్పుడు కూడా చోటు చేజారకుండా ఇసుక నింపిన నూనె డబ్బాలో ఇనుప కడ్డీ నాటి, గొలుసు కట్టి, ‘మా కస్టమర్లకు మాత్రమే’ అని బోర్డు తగిలిస్తారు. ప్రభుత్వ రోడ్డు మీద ఇంత శ్రద్ధగా నిలబడే బోర్డు ప్రభుత్వానికి కూడా లేదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. బహిరంగ ప్రదేశంలో ఇతరులకు అడ్డంకిగా, ప్రమాదకరంగా వాహనం నిలపరాదని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతుంది. పార్కింగ్ నిషేధించిన చోట నిలిపినా, పది గంటలు లేదా అంతకు మించి మనిషి లేకుండా వదిలేసినా యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఆ బండిని లాగించవచ్చనీ, చక్రానికి క్లాంపు వేయించవచ్చనీ 127వ సెక్షన్. పది గంటల లెక్క దుకాణదారుకు ఎంతో అనుకూలం. మధ్యాహ్నం రెండింటికి భోజనానికి ఇంటికెళ్లి, కాస్త నడుం వాల్చి నాలుగింటికి వచ్చేసరికి లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆ రెండు గంటలూ చోటును గుమస్తా కాపాడతాడు.

ఈ రోగం కొత్తదీ కాదు, మన ఒక్కరిదీ కాదు. అమెరికాలో ఓక్లహోమా సిటీ నడిబొడ్డున 1930లలో సరిగ్గా ఇదే వచ్చింది. దుకాణాల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు పొద్దున్నే కార్లు తెచ్చి పెడితే సాయంత్రం దాకా కదిలేవి కావు, కొనడానికి వచ్చినవాళ్లకు చోటుండేది కాదు. అక్కడి వర్తక మండలి ఈ చిక్కు విప్పమని కార్ల్ మగీ అనే పత్రికా సంపాదకుడికి అప్పగించింది. ఆయన సంపాదకీయం రాసి ఊరుకోకుండా యంత్రం చేయించాడు. 1935 జూలై 16న ప్రపంచంలో మొదటి పార్కింగ్ మీటరు ఆ ఊళ్లో నిలబడింది. రుసుము గంటకు 5 సెంట్లు. మీటరు దగ్గర గడువు మీరి మొదట పట్టుబడినవాడు ఒక పాస్టరనీ, చిల్లర కోసం కిరాణా కొట్టుకు వెళ్లానని చెప్పి బయటపడ్డాడనీ అంటారు. బండ్లు చకచకా మారడంతో బేరాలు పెరుగుతాయని వ్యాపారులు గ్రహించి మీటర్లను ఇష్టపడ్డారు. మన వ్యాపారులకు కూడా బేరాలు పెరగడం ఇష్టమే, ఎదుటి దుకాణం ముందు మీటరు పెడితే.

అసలు చోటు లేదా అంటే, కాగితం మీద కావలసినంత ఉంది. వాణిజ్య భవనం కట్టేవాళ్లు కట్టిన విస్తీర్ణంలో నిర్ణీత శాతం పార్కింగ్‌కు వదలాలని 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 168వ నంబరు జీవోలోని భవన నిర్మాణ నియమాలు చెప్పాయి. ప్లాను గీసినప్పుడు సెల్లార్‌లో చిన్న చిన్న కార్ల బొమ్మలు వరసగా, ముచ్చటగా ఉంటాయి. అనుమతి చేతికొచ్చాక అదే చోట జిరాక్సు సెంటరు, రక్తపరీక్షల ల్యాబు, బట్టల గోడౌను, కర్రీ పాయింటు వెలుస్తాయి. కార్లు దిగవలసిన ర్యాంపు మెట్లయిపోతుంది. దిగిపోయిన కార్ల బొమ్మలు నిజం కార్లుగా రోడ్డు మీదికి వస్తాయి. ఇక అనుమతికి మించి లేపిన అంతస్తుల్ని అపరాధ రుసుముతో క్రమబద్ధీకరించే పథకాలు 2007 చివర్లో మొదలై ఆ తర్వాత కూడా పేర్లు మార్చుకుని వచ్చాయి. పై అంతస్తు క్రమబద్ధమైంది. ఆ అంతస్తుకు వచ్చేవాళ్ల బండ్లు మాత్రం క్రమబద్ధీకరణకు దరఖాస్తు చేసుకోలేక కింద రోడ్డు మీదే ఉన్నాయి.

ఏడాదికి రెండుసార్లు ఆక్రమణల తొలగింపు జరుగుతుంది. కొత్త కమిషనరు వచ్చినప్పుడు ఒకసారి, మంత్రి వచ్చినప్పుడు ఒకసారి. తోపుడు బండ్లకు చక్రాలున్నందువల్ల వాటిని తొలగించడం సులువు. సిమెంటు మెట్లకు చక్రాలు లేవు. వీధి వ్యాపారుల 2014 చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలిచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. ఆ చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. జామకాయలమ్మే ఆమెకు ఈ చట్టం తెలియదు. తెలిసినవాళ్లు ఆమెకు చెప్పే పనిలో లేరు. మూడో రోజున ఆమె బండి మళ్లీ అదే చోటుకు వస్తుంది. ఆ మూడు రోజులూ ఆ చోట ఒక కారు ఆగి ఉంటుంది.

ఇక వాడుకలో ఉన్న చికిత్సలు. రోడ్డు వెడల్పు చేస్తే ఒక వరస పార్కింగ్ రెండు వరసలవుతుంది. వన్ వే పెడితే ఆటోలు రివర్సు గేరులో వెళ్లి నియమం పాటిస్తాయి. సరి తేదీన ఒక పక్క, బేసి తేదీన మరో పక్క పార్కింగ్ అని బోర్డు పెడితే, 31వ తేదీ తర్వాత ఒకటో తేదీ వస్తుంది కనుక ఒక పక్క దుకాణాలవాళ్లు లెక్క తేల్చమని అర్జీ పెడతారు. పగటిపూట లారీలు రాకూడదన్న ఆలోచన జూలియస్ సీజరు నాటిది. క్రీ.పూ. 45 నాటి చట్టం రోమ్‌లో సరుకుల బండ్లను పగలు చాలావరకు ఆపేసింది, దాంతో రాత్రిళ్లు చక్రాల మోతకు నిద్ర లేదని జువెనల్ అనే వ్యంగ్యకవి తర్వాతి కాలంలో వాపోయాడు. మన ఊళ్లలో ఆ బాధ లేదు. లారీ పగలే వస్తుంది, బోర్డు పక్కనే సిమెంటు బస్తాలు దించుతుంది. బైపాస్ రోడ్డు వేస్తే హైదరాబాదు వెళ్లేవాడికి మేలే. ఉల్లిపాయలకు వచ్చినవాడు బైపాస్ మీద వెళ్లడు కదా.

వీటిలో ఏదీ ముట్టుకోని సంగతి ఒకటుంది. గజం ధర చెప్పడానికి రియల్ ఎస్టేటువాళ్లు గొంతు తగ్గించే వీధిలో ఒక కారు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు గల చోటును రోజంతా ఉచితంగా అనుభవిస్తుంది. దుకాణానికి అద్దె, సైను బోర్డుకు పన్ను, నిమ్మకాయల గంపకు ఆశీలు. కారుకు ఏమీ లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ షూప్ ఉచిత పార్కింగ్ ఖరీదు ఎంతో వివరిస్తూ 2005లో ఓ బండెడు పుస్తకం రాశాడు. వీధి అంచున ఎప్పుడూ సుమారు 15 శాతం చోటు ఖాళీగా మిగిలేలా రుసుము పెట్టాలి, రద్దీని బట్టి పెంచుతూ తగ్గిస్తూ పోవాలి, వచ్చిన డబ్బు ఆ వీధికే ఖర్చుపెట్టాలి అన్నది ఆయన చెప్పినదాని సారం. ఇది తెలుగు పట్టణంలో వినడానికే అపచారం. పార్కింగ్ ఉచితంగా ఉండడాన్ని ఇక్కడ ప్రాథమిక హక్కుగా చూస్తారు. మాల్స్‌లో, వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట రుసుము వసూలు చేయరాదని తెలంగాణ ప్రభుత్వం 2018లో జీవో ఇస్తే జనం సంతోషించారు. చిన్న పట్టణపు మెయిన్ రోడ్డు మీద ఆ అరగంట చాలాకాలంగా పన్నెండు గంటలుంది.

స్పెయిన్‌లో పొంతెవేద్రా అనే ఊరుంది. జనాభా సుమారు 83 వేలు, మన చీరాల మున్సిపాలిటీకి కాస్త అటూ ఇటూ. 1999లో అక్కడ ఎన్నికైన మేయరు ఊరి నడిబొడ్డు నుంచి కార్లను చాలావరకు బయటికి పంపించి, శివార్లలో ఉచిత పార్కింగ్ ఇచ్చాడు. ఏ చోటుకు ఎన్ని నిమిషాల నడకో చూపే పటం ఒకటి వేయించారు. ఇక్కడా నడిచేవాళ్లకు కొరతేం లేదు. తెల్లవారకముందే జూనియర్ కాలేజీ మైదానంలో వందలమంది చేతులూపుకుంటూ చుట్లు కొడతారు. మైదానం దాకా బండి మీద వస్తారు, గేటు ముందు పెడతారు, ఐదు కిలోమీటర్లు నడుస్తారు, మళ్లీ బండెక్కి రెండు వీధుల అవతల కరివేపాకు కోసం ఆగుతారు. వాళ్లది సోమరితనమనలేం. మైదానంలో దారికి అడ్డంగా ఎవరూ బిందెలు పేర్చరు.

రుసుము పార్కింగ్‌కు అయ్యే ఖర్చు కొద్దిగా తెల్ల రంగు, ఒక రసీదు పుస్తకం, ఎండకు ఓర్చుకునే మనిషి. వసూలును వేలం పాటలో ఇస్తే పాటదారు గీతల బయట కూడా బండ్లు పెట్టించి రసీదు చింపుతాడు కాబట్టి మున్సిపాలిటీయే జీతానికి మనిషిని పెట్టుకోవడం మేలు. రెండు గంటలు దాటితే రుసుము రెట్టింపు చేస్తే మొదట కదిలేవి స్థిరనివాస రకం బండ్లే. వాటికి పాత సంతబజారు చోటులోనో, ఆర్టీసీ బస్టాండు వెనక ఖాళీలోనో నెలవారీ చీటీ ఇవ్వవచ్చు, అక్కడి నుంచి దుకాణానికి ఐదారు నిమిషాల నడక. ఈ ప్రతిపాదన కౌన్సిల్ ఎజెండాలోకి వచ్చిన రోజున వర్తకులు పేదవాడి మీద భారం మోపవద్దని వినతిపత్రం తెస్తారు. పేదవాడు ఆ సమయానికి షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చుని, ముందున్న కారు ఎప్పుడు తీస్తారా అని చూస్తుంటాడు.