ఒక్క బుష్ తక్కువ

బావ బతుకు బామ్మర్ది కోరతాడని సామెత. మా బామ్మర్ది నా బతుకు సంగతి ఏం కోరుకున్నాడో తెలీదు గానీ నా బండి ఇంజన్ మాత్రం కోరుకున్నాడు. "కొలతలు చూసుకుని ఆదివారానికి మళ్లీ బిగించేస్తా బావా" అని 2019 సంక్రాంతి సెలవుల్లో దించాడు. ఏ ఆదివారమో నేను అడగలేదు. తప్పు నాదే.

అది హీరో హోండా కరిజ్మా, 223 సీసీ. 2005లో నేను అసిస్టెంట్ రైటర్‌గా చేసిన మొదటి సినిమాకి రెండు చెక్కులిచ్చారు. అందులో చెల్లిన చెక్కుతో డౌన్ పేమెంట్ కట్టి కొన్నాను. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు ఎత్తు మూడో గేర్లో ఎక్కేసేది. ఇప్పుడది మా ఫిల్మ్‌నగర్ అపార్ట్‌మెంటు సెల్లార్లో లిఫ్టు పక్కన నిలబడి ఉంది. దూరం నుంచి చూస్తే నిండుగానే ఉంటుంది. దగ్గరికెళ్లి వంగి చూస్తే అవతలి గోడ కనబడుతుంది.

ఇలాంటివాడు మీ ఇంట్లోనూ ఒకడు ఉండే ఉంటాడు. మావాడు పగలంతా సినిమా ఎడిటింగ్‌లో అసిస్టెంటు. ఎక్కడెక్కడో తీసిన ముక్కల్ని తెచ్చి అతికించడం ఉద్యోగం. సాయంత్రం ఆరు దాటాక అదే పని ఇనుముతో. ఈ భూమ్మీద ఏ కంపెనీవాడూ బండి సరిగ్గా చేయలేదన్నది వాడి గట్టి నమ్మకం. "జపానువాడికి ఫ్రేము తెలుసు బావా. ఆస్ట్రియావాడికి ఫోర్కు తెలుసు. మనవాడికి మైలేజీ తెలుసు. ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టే పెద్దమనిషే లేడు" అంటాడు. ఆ పెద్దరికం తనే తీసుకున్నాడు.

సిగ్నల్ దగ్గర వాడికి మనుషులు కనబడరు. "ఆ ఫోర్కు చూశావా?" అంటాడు. ఫోర్కు పైన ఒక పేరున్న హీరో కూర్చున్నా సరే, చూడడు. తెలిసినవాడెవడో బండి మీంచి పడ్డాడని ఫోనొస్తే మనమంతా మనిషెలా ఉన్నాడని అడుగుతాం. వీడూ అడుగుతాడు. కాకపోతే రెండో ప్రశ్నగా.

ఇంతకీ వాడు కడుతున్నది రోడ్డు మీద తిరిగే బండి కాదు, ట్రాక్ బండి. కంపెనీ ఇచ్చిన రూపానికి, ఆర్‌సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. సరిగ్గా అదే నెలలో నా ఇంజన్ దిగింది. తీర్పు పేపర్లో చూపిస్తే వాడు తొణకలేదు. "రోడ్డు మీద తిప్పితే కదా తప్పు? మనది ట్రాకు" అన్నాడు. అప్పటికి హైదరాబాదులో రేసు బైకులకి పెద్ద ట్రాకంటూ లేదు. దగ్గర్లో ఉన్నది మద్రాసు అవతల శ్రీపెరుంబుదూరులో. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు పెట్టినప్పుడు మావాడు టికెట్టు కొనుక్కుని మరీ వెళ్లి, ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "కరెంటు కార్లు బావా. ఎవరో మిక్సీలో పచ్చడి వేస్తున్నట్టుంది."

బండి వంశవృక్షం చెబుతాను, ఓపిక పట్టండి. ఫ్రేము 2008లో వచ్చిన మొదటి రకం యమహా ఆర్‌15ది. యాక్సిడెంటయ్యి ఇన్సూరెన్సువాళ్లు వదిలేసిన బండిని కాగితాలతో సహా కొన్నాడు. వెనక స్వింగ్ ఆర్మ్ అదే యమహాలో 2011 నాటి రెండో రకానిది, అల్యూమినియంది. ముందు ఫోర్కులు, చక్రం, బ్రేకులు కేటీఎం డ్యూక్ 390వి. ఇంజన్ ఎవరిదో చెప్పాను కదా. పెట్రోల్ ట్యాంకు ఏ బండిదో వాడికే గుర్తులేదు.

ఇందులో ఏదీ దేనికీ పట్టదు. యమహా మెడ గొట్టం పొడవు వేరు, డ్యూక్ ఫోర్కు మధ్య కడ్డీ పొడవు వేరు. ఆ కడ్డీని ప్రెస్సులో పెట్టి ఊడదీసి, బాలానగర్లో లేత్ మీద కొత్తది తిప్పించి, బేరింగు వదులు కాకుండా బుష్ దింపాలి. అది కుదిరాక చూస్తే ఇంజన్ స్ప్రాకెట్టూ వెనక స్ప్రాకెట్టూ ఒక గీతలో లేవు, ఆరు మిల్లీమీటర్ల తేడా. ఇంజన్‌ని పక్కకి జరపాలి. జరిపితే బోల్టు రంధ్రం తప్పుతుంది. అక్కడో బుష్. "అయిపోయింది బావా, ఒక్క బుష్ తక్కువ" అనే మాట మా ఇంట్లో ఐదేళ్లు వినబడింది. అమెరికా అంత దేశానికి బుష్‌లు ఇద్దరే. మా బాల్కనీలో బోర్న్‌వీటా డబ్బాకి నిండుగా ఉన్నాయి.

లేత్ మేస్త్రీ అసలు సిసలు హైదరాబాదీ. ఎప్పుడిస్తావంటే "పర్సోం" అంటాడు. పర్సోం అంటే ఎల్లుండి అని హిందీ పాఠంలో చదువుకున్నవాళ్లు మోసపోతారు. మన ఊళ్లో అది పోయిన ఏడాదైనా కావచ్చు, వచ్చే జన్మైనా కావచ్చు. మావాడికీ మేస్త్రీకీ మధ్య ఒక్కసారి కూడా మాటా మాటా రాలేదు. బుష్ ఆలస్యమైతే బాధపడేది మేమే, వాడు కాదు.

వాడి వారం లెక్క వేరు. ఆదివారం ఎర్రగడ్డ సండే మార్కెట్. గురువారం పాతబస్తీలో జుమేరాత్ బజార్. గురువారం గురువారం పొద్దున్నే తలస్నానం చేసి బయల్దేరుతుంటే మా అత్తగారు కొడుకు సాయిబాబా గుడికే వెళ్తున్నాడని రెండేళ్లు మురిసిపోయారు. ఒకరోజు ప్రసాదం ఏదిరా అనడిగితే జేబులోంచి పాత కార్బొరేటర్ జెట్టు తీసి అరచేతిలో పెట్టాడు.

2020 లాక్‌డౌన్లో ఇంజన్ మా వంటింట్లోకి వచ్చింది. అది బోరుకొచ్చిందని, రీబోర్ కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేయిస్తే ట్రాకుకి పనికొస్తుందని వాడి లెక్క. ఇంజన్‌కి తర్వాతెప్పుడో కొట్టించాడు, మాకు మాత్రం ఆ రెండు నెలలూ రోజూ కొట్టించాడు. సరే, ఒకటి ఒప్పుకోవాలి. ఒక మధ్యాహ్నం బేరింగుల్ని డీప్ ఫ్రిజ్‌లో ఐస్ ట్రే పక్కన రెండు గంటలు పెట్టాడు. ఇంజన్ కేసుని మా ఆవిడ కేకు ఒవెన్లో పెట్టి వేడి చేశాడు. వేడికి కేసు వ్యాకోచిస్తుంది, చలికి బేరింగు ముడుచుకుంటుంది, సుత్తి దెబ్బ లేకుండా దిగుతుంది అన్నాడు. వంటింటి గట్టు మీద పాత లుంగీ పరిచి, చేతులకి గుడ్డ చుట్టుకుని, మంచు పట్టిన బేరింగుని రంధ్రం మీద పెట్టి వదిలాడు. టప్ మంది. అంతే. దాని ఇంట్లోకి అది వెళ్లి కూర్చున్నట్టు కూర్చుంది. మా ఆవిడా నేనూ చప్పట్లు కొట్టాం. వాడి కళ్లల్లో ఆ వెలుగు నేను వాడి పెళ్లిలో కూడా చూడలేదు. ఆ తర్వాత నెల రోజులు చేసిన కేకులన్నీ ఇంజనాయిలు వాసన కొట్టాయన్నది వేరే సంగతి.

వాడికి కులదైవాలున్నారు. న్యూజిలాండ్‌లో బర్ట్ మన్రో అని ఒకాయన 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండిని దశాబ్దాల తరబడి సొంతంగా సాగదీసి, పిస్టన్లు ఇంట్లోనే పోతపోసుకుని, 1967లో అమెరికా బానవిల్ ఉప్పు మైదానంలో రికార్డు కొట్టాడు. విరిగిపోయిన విడిభాగాలన్నీ ఒక అల్మరాలో పెట్టి వేగదేవుడికి నైవేద్యాలు అని రాసుకున్నాడట. మావాడూ అలాంటి అర ఒకటి మా ఇంట్లో పెట్టాడు, నా స్క్రిప్టు ఫైళ్ల పక్కన. "ఆయన ఎవరి ఫ్రిజ్ వాడాడో కూడా కనుక్కోరా" అంది మా ఆవిడ.

బండి పేరు వ్యవహారం కూడా ఇలాగే వచ్చింది. 1950లు, 60లలో ఇంగ్లండు కుర్రాళ్లు నార్టన్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజన్ బిగించి, రెండు పేర్లూ కలిపి ట్రైటాన్ అనేవాళ్లు. మనదీ అలాగే పెడదామన్నాడు. యమహాలోంచి సగం, హీరో హోండాలోంచి సగం. యమహీరో. మా అత్తగారు విని, "మొదటి రెండక్షరాలు తీసెయ్ నాయనా" అని దండం పెట్టారు.

ఆదివారం తెల్లవారుజామున మా రోడ్డు మీద పాతిక లక్షల బండ్లు కాఫీ తాగడానికి వెళ్తుంటాయి. జూబ్లీ హిల్స్‌లో ఉంటే ఆ చప్పుడుకి అలారం పెట్టుకోనక్కర్లేదు. మావాడు బాల్కనీలో నిలబడి వాళ్లని జాలిగా చూస్తాడు. "కొనడం ఎవడైనా కొంటాడు బావా." నిజమే, వీడు మాత్రం కొనడు. కొలతలకి తీసుకుంటాడు.

బండి పైతొడుగు కథ ఫిల్మ్‌నగర్లోనే జరగాలి. సినిమా సెట్లకి ఫైబర్లో విగ్రహాలు, రథాలు పోసే మేస్త్రీ ఒకాయన వీడికి స్నేహితుడు. రేసు బండి ఫొటో చూపించి ముందు భాగం పోసిపెట్టమన్నాడు. ఆయన చెయ్యి అలవాటు ఎక్కడికి పోతుంది? ముక్కు కొసని కొంచెం వంచి, అటూ ఇటూ రెక్కల్లాంటివి తేల్చాడు. హెడ్‌లైటు ఎలాగూ లేదు. ఎదురుగా చూస్తే సాక్షాత్తూ గరుత్మంతుడు.

2024లో బండి "అయిపోయింది". అయిపోయింది కాబట్టి పెద్దమ్మ గుడికి తీసుకెళ్లాలి. జూబ్లీ హిల్స్‌లో కొత్త బండికి ఆ అమ్మవారి దగ్గర పూజ చేయించకపోతే ఇంజన్ ఎక్కడ నొచ్చుకుంటుందోనని అందరికీ భయం. రోడ్డెక్కించకూడదు కనుక ట్రాలీ ఆటోలో ఎక్కించాం. పూజారిగారు పళ్లెం పట్టుకుని చుట్టూ తిరిగారు. హారం వేయడానికి అద్దాల్లేవు. బొట్టు పెట్టడానికి హెడ్‌లైటు లేదు. నంబరు ప్లేటు లేదు. సైడ్ స్టాండు కూడా లేదు, నేనే వెనక పట్టుకుని నిలబడ్డాను.

"ఏ కంపెనీ బాబూ?" అన్నారు.

"అన్నీ అండీ" అన్నాడు వీడు.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి గరుత్మంతుడి నుదుట పసుపు రాసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి పోనీయమన్నారు. స్టార్టవలేదు. నేనూ ట్రాలీ డ్రైవరూ తోస్తే నిమ్మకాయలు నలిగాయి.

శ్రీపెరుంబుదూరు యాత్ర గురించి ఎక్కువ చెప్పను. వాడి పరువూ నా డబ్బూ రెండూ అందులో ఉన్నాయి. అక్కడి తనిఖీలో ఆయిల్ బోల్టుకి రంధ్రం వేసి తీగతో కట్టాలన్నారు. అది మాత్రం వీడు ముందే చేసి పెట్టుకున్నాడు, చూసినాయన భేష్ అన్నాడు కూడా. ట్రాకు 3.717 కిలోమీటర్లు. మొదటి చుట్టులో అందరికన్నా వెనక వచ్చాడు. రెండో చుట్టులోనూ అంతే. కంపెనీవాడు ఇచ్చింది ఇచ్చినట్టు ఉన్న ఆర్‌15 మీద ఒక కాలేజీ కుర్రాడు చెయ్యూపుతూ దాటిపోయాడు. మూడో చుట్టు ముగుస్తుండగా చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి రికవరీ బండి మీద యమహీరో, పక్కన మావాడు. చేతికి చైను చుట్టుకుని ఉన్నాడు. 1989లో 'శివ' చూసి మా ఊరి కుర్రాళ్లు ఎందరో సైకిల్ చైన్లు లాగారు. ముప్ఫై అయిదేళ్ల తర్వాత ఆ పోజు కుదిరింది వీడికి. దగ్గరికొచ్చి హెల్మెట్ తీశాడు. చెమట, నల్లటి ముఖం, ఆ ముఖం నిండా నవ్వు.

"చూశావా బావా, ఇంజన్‌కి ఏం కాలేదు. వెనక స్ప్రాకెట్ దగ్గర ఒక్క బుష్ తక్కువ."

రానూపోనూ 1,200 కిలోమీటర్ల పైచిలుకు ట్రాలీలో తిరిగిన బండి, తన చక్రాల మీద తిరిగింది 11.

తిరుగు దారిలో ఒంగోలు దాటాక నాకు ఒళ్లు మండి అనేశాను. ఐదేళ్లు, ఇన్ని లక్షలు, నా ఇంజన్, దీనికన్నా ఆ కుర్రాడిలా ఒక బండి కొనుక్కుంటే పోయేది కదరా అని. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "నీ కథ ఎంతవరకు వచ్చింది బావా?"

నా కథ గురించి చెప్పలేదు కదూ. డైరెక్టర్ కావాలని 2012 నుంచి రాస్తున్నాను. హీరో పాత్ర ఒక మలయాళం సినిమాలోంచి, ఇంటర్వెల్ ఒక కొరియా సినిమాలోంచి, తల్లి సెంటిమెంటు మన పాత బ్లాక్ అండ్ వైట్‌లోంచి. పట్టని చోట కామెడీ ట్రాకు దించాను. ట్రాకంటే నాకు తెలిసిన ట్రాకు అదొక్కటే. ఒక నిర్మాత ఆఫీసులో రెండు గంటలు చెబితే ఆయన ఓపిగ్గా విని, "ఇది ఏ సినిమా అండీ?" అన్నాడు. అన్నీ అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఎవరడిగినా "అయిపోయింది, సెకండాఫ్‌లో ఒక్క సీను తక్కువ" అంటూనే ఉన్నాను. మిగతా దారి మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ప్రస్తుతం యమహీరో మా సెల్లార్లోనే, కరిజ్మా పక్కన ఉంది. అపార్ట్‌మెంటు పిల్లలు గరుత్మంతుడి మీద ఎక్కి ఆడుకుంటున్నారు. కరిజ్మా ఆర్‌సీ పదిహేనేళ్ల గడువు 2020లోనే తీరిపోయింది. తిరిగి రాయించాలంటే బండి తీసుకెళ్లి ఇంజన్ నంబరు చూపించాలి. మావాడిని అడిగితే "ఈ ఆదివారం" అంటున్నాడు. మీలో ఎవరి దగ్గరైనా కాగితాలున్న పాత కరిజ్మా ఇంజన్ ఉంటే కబురు చేయండి. బుష్‌లు పంపక్కర్లేదు, మా దగ్గర ఉన్నాయి.